పురుగులకు స్పృహ ఉందా? నేను ఒప్పుకోను

వెంకటరమణ: కీటకాలకూ స్పృహ, అంటే నొప్పి లాంటివి లోపల అనుభవించే శక్తి, ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేమని 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో కొందరు శాస్త్రవేత్తలు, తత్త్వవేత్తలు ప్రకటించారు. కానీ కాలు నలిగిన పురుగు అదే కాలును అంతే బలంగా నేలకు ఆనించి నడుస్తుంది. నొప్పి తెలిస్తే కుంటదా?

లలిత: 2022లో లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం వారి ప్రయోగం చూడండి. తిండికి వెళ్లే దారి ఖాళీగానే ఉన్నా బంబుల్ తేనెటీగలు పక్కకు వెళ్లి చిన్న చిన్న బంతులను దొర్లించాయి. ఒకటైతే 117 సార్లు. దానికి బహుమతేమీ లేదు.

వెంకటరమణ: దొర్లిస్తే ఆటేనా? పువ్వులో కాళ్లాడించే అలవాటు కావచ్చు.

శ్రీధర్: తేనెటీగకు ఉన్న న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, సుమారు 10 లక్షలే. మనకు 8,600 కోట్లు.

లలిత: అలవాటే అయితే పెద్ద వయసు వాటికన్నా చిన్న వయసు తేనెటీగలు ఎక్కువగా ఎందుకు దొర్లించాయి?

వెంకటరమణ: బంతి బంతి అంటూ ఎంతసేపు?

లలిత: సరే, బంతి వదిలేద్దాం. మరో ప్రయోగంలో 65 డిగ్రీల వేడి తగిలిన మీసాన్నే బంబుల్ తేనెటీగలు పదేపదే తుడుచుకున్నాయి.

వెంకటరమణ: వేడి తగిలితే మన చెయ్యీ మనకు తెలియకముందే వెనక్కి వస్తుంది. అది వెన్నుపాము పని.

లలిత: వెనక్కి తీసుకోవడం వేరు, తగిలిన చోటును చూసుకోవడం వేరు. నేను ఒక ప్రయోగశాలలో పండు ఈగలతో పనిచేశాను. మత్తు ఇచ్చి లెక్కపెట్టాక వాటిని ఆల్కహాల్ సీసాలో పోసేవాళ్లం. మత్తు దిగినవి కాళ్లు కొట్టుకునేవి. మళ్లీ మత్తు ఇద్దామంటే పై అధికారి అందరి ముందూ నవ్వారు.

వెంకటరమణ: మీ బాధ ఈగల గురించా, అధికారి గురించా?

లలిత: రెండింటి గురించీ. అందులో తప్పేముంది?

కవిత: దయచేసి వ్యక్తిగతంగా వెళ్లకండి.

వెంకటరమణ: వెళ్లక తప్పదు. నేను పొలం చేస్తాను. మందు కొట్టకపోతే పంట చేతికి రాదు. సొంత బంధువే నన్ను హంతకుడన్నాడు. పురుగుకు స్పృహ ఉందని మీరంతా తేల్చేస్తే, ఆ మాట అనేవాళ్లు ఇంకా పెరుగుతారు. నా భయం అదీ.

లలిత: ఆ మాట అన్నవారిది తప్పు, వెంకటరమణ గారూ. మందు మానేయమని నేను అనడం లేదు. రోజుల తరబడి గిలగిలలాడించేదీ, వెంటనే చంపేదీ రెండూ దొరికినప్పుడు రెండోది ఎంచుకోమంటున్నాను. స్పృహ ఉందని తేలేదాకా ఆగితే ఆ ఎంపికకు అర్థం ఉండదు.

శ్రీధర్: బ్రిటన్ 2022 జంతు సంక్షేమ చట్టం అనుభూతి గల జీవులుగా గుర్తించినవాటిలో పీతలు, ఆక్టోపస్‌లు ఉన్నాయి, కీటకాలు లేవు.

వెంకటరమణ: వెంటనే చంపే మందులు చాలావరకు పంటకు మేలు చేసే మిత్రపురుగులనూ వదలవు, లలిత గారూ. ఒక పురుగు బాధ తగ్గించడానికి పది పురుగులను చంపమంటారా? దీనికి జవాబు చెప్పండి, అప్పుడు మీ మాట వింటాను.