22 మంది పిల్లలు, ఒక్క టీచరు: గమనించి రాయడం ఎలా? రాసింది దేనికి?

ప్రశ్న (అంగన్‌వాడీ టీచర్, పల్నాడు జిల్లా)

అందరికీ నమస్కారం. మా సెంటర్లో మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు 22 మంది ఉన్నారు. చూసుకునేది నేను, ఆయా, ఇద్దరమే. ట్రైనింగ్‌లో "ఈ వయసు పిల్లలకు పరీక్షలు వద్దు, వాళ్లను గమనించి రాసుకోండి" అన్నారు. మాట బాగుంది. కానీ పొద్దున్నే హాజరు, ఫోన్లో పోషణ్ ట్రాకర్ యాప్ నింపడం, పాలు, గుడ్లు, బరువులు, మధ్యలో గర్భిణులు వస్తే వాళ్ల పని. ఇవన్నీ చూసుకుంటూ 22 మందిని ఎప్పుడు గమనించాలి? నెలాఖరున "రంగులు గుర్తిస్తాడు, 10 దాకా లెక్కపెడతాడు" అని కార్డులో టిక్కులు పెడితే సరిపోదా? అసలు నేను రాసింది ఎవరికి పనికొస్తుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

జవాబు (రిటైర్డ్ సూపర్‌వైజర్, ఖమ్మం)

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. ముందు భయం తీసేస్తాను. 22 మందినీ ఒకే రోజు చూడక్కర్లేదు. రోజుకు నలుగురు చాలు, వారం తిరిగేసరికి అందరూ వచ్చేస్తారు. పొద్దున్నే ఆ నలుగురి పేర్లు చిన్న నోట్‌బుక్కులో రాసుకో. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల కోసం కేంద్రం ఇచ్చిన ఆధారశిల పాఠ్య ప్రణాళికలో రోజు మొదట్లో 30 నిమిషాలు పిల్లల్ని ఇష్టమొచ్చినట్టు ఆడుకోనివ్వమని ఉంది కదా, గమనించడానికి అంతకన్నా మంచి సమయం లేదు. ఒక్కొక్కరి గురించి రెండు మూడు వాక్యాలు రాస్తే చాలు.

ఏం రాయాలన్న దగ్గరే చాలామంది తడబడతారు. "చురుగ్గా లేడు", "తెలివైనది", "మొండివాడు" అని రాస్తే, అవి మన అభిప్రాయాలు. కంటితో చూసింది రాయాలి. ఇలా:

"10.20. బ్లాకుల దగ్గర ఒక్కతే ఉంది. ఆరు బ్లాకులు ఒకదాని మీద ఒకటి పెట్టింది. ఏడోది పెట్టగానే పడిపోయాయి. కాసేపు చూసి, పెద్ద బ్లాకు అడుగున వేసి మళ్లీ మొదలుపెట్టింది. 'ఇది బరువు, కిందుండాలి' అంది."

ఈ నాలుగు ముక్కల్లో ఎంత ఉందో చూడు. వేళ్ల పట్టు ఉంది, ఓపిక ఉంది, ఎందుకు పడిందో ఆలోచించడం ఉంది, ఆ ఆలోచనను మాటల్లో పెట్టడం ఉంది. "బ్లాకులతో ఆడుతుంది" అని టిక్కు పెడితే ఇవేవీ కనపడవు. పిల్లలన్న మాటను వాళ్ల మాటల్లోనే రాయి, మనం సరిదిద్ది రాయొద్దు.

లెక్కల సంగతీ అంతే. ఒకటి నుంచి పది దాకా గడగడా అప్పజెప్పే పిల్లాణ్ని "నాలుగు చింతగింజలు ఇవ్వు నాన్నా" అని అడిగి చూడు. గుప్పెడు తీసి చేతిలో పోసేవాళ్లు చాలామంది ఉంటారు. అప్పజెప్పడం వేరు, ఎన్ని అన్నది తెలియడం వేరు. అన్నాల వేళ "మీ వరసలో ఎంతమంది ఉన్నారో అన్ని ప్లేట్లు తీసుకురా" అంటే అక్కడే తెలిసిపోతుంది. దీనికి వేరే సమయం కూడా అక్కర్లేదు.

ఇక ఎవరికి పనికొస్తుందన్నావు. మొట్టమొదట నీకే. బరువు తూచినంత మాత్రాన బిడ్డ బరువు పెరగదు కదా, తూచాక మనం ఏం పెట్టామన్న దాన్నిబట్టి పెరుగుతుంది. ఇదీ అలాంటిదే. శనివారం ఓ పావుగంట వారం నోట్సు ముందు వేసుకుని కూర్చో. పిల్లల పేర్లు కాసేపు మరిచిపోయి, మన సెంటర్ గురించి ఆ కాగితాలు ఏం చెబుతున్నాయో చూడు. బ్లాకుల దగ్గర రాసినవన్నీ మగపిల్లల మీదే ఉంటే, ఆడపిల్లలు అటు ఎందుకు పోవడంలేదో ఆలోచించాలి. బొమ్మల పుస్తకాల గురించి ఒక్క ముక్కా లేకపోతే, పుస్తకాలు బీరువాలో ఉన్నాయన్నమాట. ప్రతి నోట్సులోనూ "నేను అడిగాను, చెప్పింది" అనే ఉండి, పిల్లలు మనల్ని అడిగిన ప్రశ్న ఎక్కడా లేకపోతే అది అన్నిటికన్నా పెద్ద విషయం. వీటిలో ఒక్కటి పట్టుకుని వచ్చే వారం మార్చు. పుస్తకాలు వాళ్ల చేతికందే ఎత్తులో పెట్టు. తర్వాతి వారం నోట్సులో తేడా వచ్చిందో లేదో చూడు. రాయడం ఈ పని కోసమే. ఈ పని జరగకపోతే రాసిన శ్రమంతా వృథా.

జవాబు (ప్లేస్కూల్ నడిపే టీచర్, విజయవాడ)

పెద్దావిడ చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. మా దగ్గర తల్లిదండ్రులు మూడేళ్లకే "అ ఆలు ఎప్పుడు రాయిస్తారు మేడం" అని అడుగుతారు. వాదించి లాభం లేదు, చూపించాలి. పిల్లలు గీసిన ప్రతి కాగితం వెనక తేదీ వేసి, ఒక్కొక్కరికీ ఒక ఫైలు పెట్టండి. కొన్ని నెలల కాగితాలు వరసగా పరిస్తే తల్లికే అర్థమవుతుంది. మొదట పిచ్చిగీతలు, తర్వాత కొస కలిసిన గుండ్రం, ఆ తర్వాత తల నుంచే కాళ్లు దిగిన మనిషి బొమ్మ. గుండ్రాన్ని కలపగలిగే చెయ్యి అక్షరానికి సిద్ధమవుతోందని అప్పుడు చెప్తే వింటారు. మీ సెంటర్లో నెలనెలా తల్లిదండ్రుల్ని పిలిచి ఈసీసీఈ డే (పూర్వ బాల్య విద్యా దినం) జరుపుతారు కదా, ఆ రోజు ఫైళ్లు తల్లుల చేతికివ్వండి.

జవాబు (సెక్టార్ సూపర్‌వైజర్, శ్రీకాకుళం జిల్లా)

అంతా బాగానే ఉంది కానీ నా ఇబ్బంది కూడా వినండి. నా కింద ఇన్ని సెంటర్లున్నాయి. అందరూ ఇలా పేరాలు రాసిస్తే నేను పైకి ఏం పంపాలి? టిక్కులైతే ఏ సెంటర్ వెనకబడిందో వెంటనే తెలుస్తుంది.

జవాబు (రిటైర్డ్ సూపర్‌వైజర్, ఖమ్మం)

మీ ఇబ్బంది నాకు తెలుసండీ, ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. కార్డు ఉండాల్సిందే. ఒక్క మార్పు చేయించండి: టిక్కు పక్కన, అది ఏ రోజు చూశారో తేదీ వేయమనండి. తేదీ ఉంటే దాని వెనక నోట్సు ఉంటుంది.

సెంటర్లను పోల్చడానికి మాత్రం పిల్లల టిక్కులు వాడొద్దని గట్టిగా చెప్తాను. టిక్కులు తక్కువైతే టీచరుకు మాట పడుతుందని తెలిసిన మరుసటి నెలే గళ్లన్నీ నిండిపోతాయి. అప్పుడు మీకూ నిజం తెలియదు, సాయం కావాల్సిన బిడ్డా దొరకదు. 2022లో వచ్చిన పునాది దశ (మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల) జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కూడా ఈ వయసుకు పరీక్షలు తగవనే చెప్పింది. పిల్లల్ని గమనించడం, వాళ్లు చేసిన పనులను పరిశీలించడం, ఈ రెండే దారులుగా చూపింది. సెక్టార్ మీటింగ్‌కు ప్రతి టీచరునూ పిల్లల పేరు లేకుండా ఒక నోట్సు తెమ్మనండి. అరగంట వాటిమీద మాట్లాడుకోండి. "మా దగ్గరా ఇంతే" అని నలుగురన్న చోట మీ తర్వాతి ట్రైనింగ్ ఏమిటో తెలుస్తుంది. పైకి పంపాల్సింది అదే.

జవాబు (అంగన్‌వాడీ టీచర్, ఉట్నూరు వైపు)

మా ఊళ్లో పిల్లల ఇంటి భాష గోండి. ఒక పాప గురించి కార్డులో "మాట్లాడదు" అని పడి ఉంది. ఆటలో గమనిస్తే, బొమ్మను ఒళ్లో పెట్టుకుని గోండిలో గలగలా మాట్లాడుతోంది. తెలుగు కథ చెప్పేటప్పుడే నోరు మూస్తోంది. మా ఆయాకు గోండి వచ్చు. ఇప్పుడు కథ ముందు ఆమె గోండిలో చెప్తుంది, తర్వాత నేను తెలుగులో చెప్తాను. పాప మధ్యలో అడ్డొచ్చి మరీ కథ చెప్తోంది. అందుకే నోట్సులో పిల్లలు ఏ భాషలో మాట్లాడారో కూడా రాయండి అక్కా.

మళ్లీ ప్రశ్న (అంగన్‌వాడీ టీచర్, పల్నాడు జిల్లా)

అందరికీ ధన్యవాదాలు. రోజుకు నలుగురు పద్ధతి మొదలుపెట్టాను, కుదురుతోంది. ఒక సందేహం. ఒక బాబును వెనక నుంచి పిలిస్తే తిరగడం లేదు. ఒకటికి రెండు రోజులు గమనించాను. పక్కింటివాళ్లు ఆటిజమేమో అంటున్నారు. అలా రాయొచ్చా?

జవాబు (రిటైర్డ్ సూపర్‌వైజర్, ఖమ్మం)

వద్దమ్మా. జబ్బు పేరు మనం రాయకూడదు, తల్లితో అనకూడదు కూడా. చూసింది రాయి: ఏ రోజు, ఎంత దూరం నుంచి పిలిచావు, అప్పుడు గోల ఉందా, ఎదురుగా ఉండి పిలిస్తే పలికాడా, పెదాలు చూసి అర్థం చేసుకుంటున్నాడా. చెవిలో చీము కారడం, తరచూ జలుబు ఉన్నాయేమో తల్లిని నెమ్మదిగా అడుగు. ఆ కాగితంతో మీ ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎమ్‌ను కలువు. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే డాక్టర్ల బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వస్తుంది, కానీ వాళ్లొచ్చేదాకా ఆగొద్దు. జిల్లాలో ఉండే సత్వర చికిత్స కేంద్రానికి పంపమని ఇప్పుడే అడుగు, అక్కడ చెవి పరీక్ష చేస్తారు.

ఈలోగా బాబును కథల వేళ నీ ఎదురుగా ముందు వరసలో కూర్చోబెట్టు. భుజం తట్టి, నీవైపు చూశాకే మాట మొదలుపెట్టు. అతని పేరు గానీ ఫొటో గానీ ఏ వాట్సాప్ గ్రూపులోనూ పెట్టొద్దు.