చర్మంలోకా, చర్మం కిందికా? సూది లేని టీకాకు మాటలు

ప్రశ్న:
టీకాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ రెండు చోట్ల ఆగిపోయాను. "సూది లేని సూదిమందు" అని రాయడానికి చేయి రావడం లేదు. ఇక మందును చర్మం పొరల్లోనే నిలిపే పద్ధతిని "చర్మం కింద ఇచ్చే టీకా" అని రాయడం చాలాచోట్ల చూశాను. అది సరైనదేనా?

మొదటి జవాబు:
కాదండీ. ఈ పొరపాటు చూసినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది. చర్మం కింద ఉండేది కొవ్వు. ఇన్సులిన్ వేసుకునేది అక్కడ. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా వేసేది చర్మంలోకి. సూదిని దాదాపు పడుకోబెట్టి గుచ్చుతారు. మందు సరైన చోట చేరితే అక్కడ పాలిపోయిన చిన్న బుడిపె లేచి, నారింజ తొక్క మీద ఉన్నట్టు సన్నని గుంటలు కనిపిస్తాయి. బుడిపె లేవలేదంటే మందు కిందికి జారిపోయిందన్నమాట. "లోకి", "కిందికి" అనే రెండు చిన్న మాటల మధ్య అంత తేడా ఉంది.

ఈ తేడా వ్యాకరణంతో తీరేది కాదు. చర్మం పైపొరలో లాంగర్‌హాన్స్ కణాలు, దాని కింది పొరలో డెండ్రైటిక్ కణాలు కాపలా కాస్తుంటాయి. టీకాలోని పదార్థాన్ని పట్టుకుని లింఫ్ గ్రంథులకు మోసుకెళ్లి, రోగాలతో పోరాడే అక్కడి టి కణాలకు చూపిస్తాయి. కండరంలో ఇంత కాపలా లేదు. అందుకే సూదితో వేసే పోలియో టీకాను కండరానికైతే 0.5 మిల్లీలీటర్లు ఇస్తారు, చర్మంలోకైతే 0.1 ఇస్తారు. అంటే ఐదో వంతు. అన్ని టీకాలకూ ఈ లెక్క కుదరదు, అది కూడా మీ వ్యాసంలో చెప్పండి.

రెండో జవాబు:
"సూదిమందు"ను వదిలేసి "టీకా" పట్టుకోండి. హిందీలో ఆ మాటకు బొట్టు, గుర్తు అనే అర్థం ఉంది. మశూచి టీకా చర్మం మీద వదిలిన మచ్చను తలచుకుంటే ఎంత సరిపోయిందో తెలుస్తుంది. అందులో సూది ప్రసక్తే లేదు. 2021 ఆగస్టులో భారత్‌లో అత్యవసర అనుమతి పొందిన జైకోవ్-డి, సన్నని ద్రవధార ఒత్తిడితో చర్మంలోకి దూసుకుపోయే కోవిడ్ డీఎన్ఏ టీకా. దాన్ని "సూది లేని టీకా" అంటే నూటికి నూరుపాళ్లు నిజం.

ప్రశ్న అడిగినవారు:
మరి చర్మానికి అతికించే టీకా పట్టీ సంగతి? దానికి సూదులున్నాయి కదా, మిల్లీమీటరు కన్నా పొట్టివి.

రెండో జవాబు రాసినవారు:
దాన్ని సూది లేనిది అనకూడదు. "సూక్ష్మసూదుల పట్టీ" తప్పు కాదు కానీ నోరు తిరగదు. "నూగుపట్టీ" అనండి.

మూడో జవాబు:
నూగు అంటే మెత్తదనం గుర్తొస్తుంది కదండీ, నూగుమీసాలలా. గుచ్చుకునే గుణం ఎక్కడుంది?

రెండో జవాబు రాసినవారు:
దూలగొండి కాయ మీద ఉన్నదీ నూగే. కంటికి ఆనదు, చర్మంలో దిగుతుంది. పట్టీ మీది మొనలూ అంతే. చాలా రకాల్లో అవి చర్మంలోనే కరిగి మందు వదులుతాయి. దురద పోలిక మాత్రం నేను తేవడం లేదు.

ప్రశ్న అడిగినవారు:
"నూగుపట్టీ" తీసుకుంటున్నాను, మొదటిసారి వచ్చినచోట వివరణతో. ఒక్క సందేహం మిగిలింది. "టీకా అతికించారు" అంటే చెవికి ఇబ్బందిగా లేదూ?

మొదటి జవాబు రాసినవారు:
"వేశారు" అనండి. చుక్కలు వేస్తాం, సూది వేస్తాం, పట్టీ వేస్తాం. టీకా ఏ దారిన వచ్చినా ఆ క్రియ సరిపోతుంది.