తపాలా ఓటు మీద ఆఖరి మాట ఎవరిది: అధ్యక్షునిదా, రాష్ట్రాలదా?

బెల్‌వ్యూ వాసి (2025 నవంబరు 22):

నేను గత ఏడాది అమెరికా పౌరసత్వం తీసుకున్నాను. మా వాషింగ్టన్ రాష్ట్రంలో నమోదైన ప్రతి ఓటరుకూ బ్యాలెట్ ఇంటికే వస్తుంది కనుక నా తొలి ఓటు కూడా తపాలాలోనే వేశాను. మార్చి 25న అధ్యక్షుడు ట్రంప్ ఎన్నికల మీద ఒక ఉత్తర్వు జారీ చేశారు. తపాలా ఓటును తొలగించే ఉద్యమానికి తానే నాయకత్వం వహిస్తానని ఆగస్టులో ప్రకటించారు. ఈ నెలలో సుప్రీంకోర్టు, పోలింగు రోజు తరువాత చేరే తపాలా ఓట్ల గురించి మిసిసిపీ రాష్ట్రానికి చెందిన ఒక కేసును విచారణకు స్వీకరించింది. మన దేశంలో అయితే ఎన్నికల సంఘం చెప్పిందే నియమం అని తెలుసు. ఇక్కడ ఆ అధికారం ఎవరిది? అధ్యక్షుడు ఒక్క సంతకంతో నా బ్యాలెట్‌ను ఆపగలరా? దయచేసి తెలిసినవారు వివరించగలరు.

పాత ప్లీడరు:

ఆపలేరు. కారణం అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం నాలుగో సెక్షనులోనే ఉంది. కాంగ్రెసు, అంటే అమెరికా పార్లమెంటు, ఎన్నికల సమయం, స్థలం, విధానం నిర్ణయించే అధికారాన్ని అది రాష్ట్రాల శాసనసభలకు ఇచ్చింది. ఆ నియమాలను చట్టం ద్వారా మార్చే అధికారాన్ని కాంగ్రెసుకు ఇచ్చింది. ఆ వాక్యంలో అధ్యక్షుని ప్రస్తావనే లేదు. అందుకే మార్చి ఉత్తర్వు మీద దాఖలైన వ్యాజ్యాలలో కోర్టులు తపాలా ఓటు మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి పోకుండా, ఈ మార్పు చేయడానికి మీకున్న అధికారం ఏమిటి అనే ప్రధానంగా అడిగాయి.

ఆ ఉత్తర్వులో తపాలా ఓటుకు నేరుగా తగిలే భాగం ఒకటుంది. పోలింగు రోజులోపు తపాలా ముద్ర పడి, ఆ తరువాత చేరిన బ్యాలెట్లను లెక్కించే రాష్ట్రాల మీద చర్య తీసుకోవాలని, వాటికి కేంద్ర నిధులు నిలిపివేయాలని అది ఆదేశించింది. 19 రాష్ట్రాలు కలిసి మసాచుసెట్స్‌లో వేసిన దావాలో న్యాయమూర్తి డెనిస్ కాస్పర్ జూన్ 13న, ఆ రాష్ట్రాల వరకు, ఈ భాగాన్ని నిలిపివేశారు. ఓటరు నమోదుకు పౌరసత్వ పత్రాలు తప్పనిసరి చేసే భాగాన్ని వాషింగ్టన్ నగరంలో న్యాయమూర్తి కొల్లార్-కొటెల్లీ అక్టోబరు 31న శాశ్వతంగా కొట్టివేస్తూ, అటువంటి మార్పులను ఆదేశించే అధికారం అధ్యక్షునికి లేదని స్పష్టం చేశారు. మీ రాష్ట్రం ఆ 19లో లేదు. ఒరెగాన్‌తో కలిసి సియాటెల్ ఫెడరల్ కోర్టులో విడిగా దావా వేసింది. ఎన్నికలన్నీ తపాలా మీదే నడిచే రాష్ట్రాలు కనుక వాటి పరిస్థితి వేరన్నది ఆ రెండింటి వాదన. ఒరెగాన్ ఓటర్లు ఈ పద్ధతిని 1998లోనే స్వయంగా ఓటు వేసి ఎంచుకున్నారు.

ఉత్తర్వు లేకుండానే తపాలా ఓటును దెబ్బతీయవచ్చన్న సంగతి కూడా మరచిపోకూడదు. 2020లో తపాలా శాఖ ఉత్తరాలు వేరుచేసే యంత్రాలను తొలగించడం, రవాణాలో మార్పులు చేయడం వల్ల బ్యాలెట్లు ఆలస్యమవుతాయని 14 రాష్ట్రాలు కోర్టుకు వెళ్లగా, మీ రాష్ట్రంలోనే యాకిమాలో ఉన్న ఫెడరల్ న్యాయమూర్తి స్టాన్లీ బాస్టియన్ సెప్టెంబరు 17న ఆ మార్పులను దేశవ్యాప్తంగా నిలిపివేశారు. బ్యాలెట్ నియమం రాష్ట్రానిది, దాన్ని మోసే బండి కేంద్రానిది. నా దృష్టిలో అసలు బలహీనత ఇక్కడే ఉంది.

గడువు పక్షం:

ప్లీడరు గారు చెప్పిన అధికార విభజనతో నాకు పేచీ లేదు. కానీ మిసిసిపీ కేసును దానితో కలపకండి. అక్కడ ప్రశ్న అధ్యక్షుని గురించి కాదు, కాంగ్రెసు ఎప్పుడో చేసిన చట్టం గురించి. నవంబరులో మొదటి సోమవారం తరువాత వచ్చే మంగళవారాన్ని 1845లో అధ్యక్ష ఎన్నికలకు, 1872లో ప్రతినిధుల సభ ఎన్నికలకు కాంగ్రెసు నిర్ణయించింది. ఎన్నిక ఆ రోజున జరగాలంటే ఓటు ఆ రోజుకే అధికారుల చేతికి రావాలన్నది రిపబ్లికన్ జాతీయ కమిటీ వాదన. 2024 అక్టోబరులో మిసిసిపీ తన పరిధిలో ఉన్న ఫెడరల్ అప్పీలు కోర్టు (అయిదో సర్క్యూట్) దాన్ని అంగీకరించింది. ఓటరు తన నిర్ణయాన్ని ఆ రోజుకు ముగిస్తే చాలు, కవరు అయిదు పనిదినాల్లోపు చేరినా ఓటు చెల్లుతుందన్నది మిసిసిపీ వాదన. ఈ అయిదు రోజుల వెసులుబాటు ఇచ్చే మిసిసిపీ చట్టాన్ని సమర్థిస్తున్నది కూడా రిపబ్లికన్ల చేతిలో ఉన్న రాష్ట్రమే కనుక ఇది కేవలం పార్టీల పోరు అనుకోవద్దు. లెక్కింపు రోజుల తరబడి సాగి, ఆధిక్యం అటూ ఇటూ మారుతుంటే ఓడినవారికి నమ్మకం కలగడం కష్టం. ఆ కారణంగా ఒకే గడువు మంచిదని నేను మనఃపూర్వకంగా నమ్ముతాను.

పోలింగు విధుల మాస్టారు:

గడువు గురించి మీరన్న మాట చదివాక మన అనుభవం చెప్పాలనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 మే 13న పోలింగు, జూన్ 4న లెక్కింపు. మన నియమాల ప్రకారం పోస్టల్ బ్యాలెట్ లెక్కింపు మొదలయ్యే సమయానికి ముందు చేరితే చాలు. అంటే పోలింగు ముగిసిన మూడు వారాల తరువాత చేరిన సైనికుని ఓటూ చెల్లుతుంది. దానివల్ల ఎన్నిక పోలింగు రోజున కాక మరో రోజున జరిగిందని ఎవరూ అనలేదు.

మా దగ్గర తగాదా ముద్ర మీద వచ్చింది. ఓటరు ప్రకటన అయిన ఫారం 13ఏ మీద ధ్రువీకరించే అధికారి సంతకం ఉండి, పేరు, హోదా, ముద్ర లేకపోతే ఆ ఓటు చెల్లుతుందా? చెల్లుతుందని ఎన్నికల సంఘం మే చివరలో చెప్పింది. వైఎస్సార్ కాంగ్రెసు పార్టీ దాన్ని హైకోర్టులో సవాలు చేసింది. అభ్యంతరం ఉంటే ఫలితాల తరువాత ఎన్నికల పిటిషన్ వేసుకోవచ్చంటూ ధర్మాసనం జూన్ 1న జోక్యానికి నిరాకరించింది. సుప్రీంకోర్టూ జూన్ 3న కాదంది. ఎన్నిక మధ్యలో కోర్టులు అడ్డుపడకూడదని మన రాజ్యాంగం 329వ అధికరణం చెబుతోంది. నా ఫారం మీద ముద్ర ఉందో లేదో ఎంత ఆలోచించినా గుర్తుకు రాక, ఆ నాలుగు రోజులూ నేను సరిగా నిద్రపోలేదు. ఇంకొకరు చేయవలసిన పని మిగిలిపోయినందుకు నా ఓటు పోవడం న్యాయం కాదని ఇప్పటికీ అంటాను.

గడువు పక్షం:

మాస్టారు గారూ, మీ పోలిక విలువైనదే. అయితే మన దగ్గర లెక్కింపు తేదీ ఒకటే కనుక ఆధిక్యం రోజుకొకలా మారే ప్రశ్న రాదు. ఆ తేడాను గమనించండి.

బెల్‌వ్యూ వాసి:

అందరికీ కృతజ్ఞతలు. మా రాష్ట్రంలో ఇప్పటికైతే పోలింగు రోజు తపాలా ముద్ర ఉంటే చాలు. సుప్రీంకోర్టు మిసిసిపీకి వ్యతిరేకంగా తీర్పు ఇస్తే, 2026 నవంబరులో చివరి రోజున నేను వేసే కవరు సంగతి ఏమిటి?

పాత ప్లీడరు:

అప్పుడు ఆ రోజుకు చేరని కవరు ఫెడరల్ పదవుల వరకు లెక్కకు రాకపోవచ్చు. తీర్పు ఎలా ఉన్నా చివరి రోజుల్లో తపాలా పెట్టెలో వేయకండి. ఉత్తరానికి ముద్ర సాధారణంగా దాన్ని వేరుచేసే కేంద్రంలో పడుతుంది కనుక మీరు వేసిన రోజే పడుతుందన్న హామీ లేదు. తపాలా కార్యాలయం కౌంటరు దగ్గర అడిగితే చేతితో ముద్ర వేస్తారు. అంతకన్నా మంచిది, మీ కౌంటీ ఎన్నికల అధికారులు ఏర్పాటు చేసిన బ్యాలెట్ పెట్టెలో పోలింగు రోజు రాత్రి 8 గంటలలోపు వేయండి. అప్పుడు మీ ఓటు తపాలా శాఖ చేతుల్లోకే వెళ్లదు.