అప్‌డేట్: ప్లానర్ యాప్‌లో అక్టోబరు–జనవరి పంటలు కనబడని సమస్య తీరింది

నెల్లూరు పెరటి తోటల కోసం చేస్తున్న యాప్‌లో, అక్టోబరు నుంచి జనవరి దాకా విత్తే పంటలేవీ కనబడటం లేదని అడిగాను కదా. అది తీరిపోయింది, సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్.

"సంవత్సరం మారే చోట చూడండి" అన్న సలహాయే పనిచేసింది. టమాటా విత్తడానికి పెట్టిన గడువు అక్టోబరు 15 నుంచి జనవరి 15. యాప్‌లో అవి ఏడాదిలో 288వ రోజు, 15వ రోజు. ఇవాళ్టి రోజు సంఖ్య మొదటిదాని కన్నా ఎక్కువ 'మరియు' రెండోదాని కన్నా తక్కువ అయితేనే పంట కనబడాలని షరతు పెట్టాను. 288 కన్నా ఎక్కువై, 15 కన్నా తక్కువయ్యే రోజు ఏడాది మొత్తంలో ఒక్కటీ రాదు! మొదటి అంకె పెద్దదైతే షరతులో 'మరియు' తీసేసి 'లేదా' పెట్టాలి. లీపు సంవత్సరంలో ఫిబ్రవరి తర్వాత లెక్క ఒక రోజు జరుగుతుంది కాబట్టి, రోజు సంఖ్య బదులు నెల, తేదీ దాచుకోవడమే మేలు.

టైమ్ జోన్‌కీ, క్యాషేకీ (యాప్ తాత్కాలికంగా దాచుకునే డేటా) దీనితో సంబంధం లేదు.

'చివరి మంచు తేదీ' గడి కూడా తీసేశాను. మన దగ్గర నారును చంపేది మంచు కాదు, ఈశాన్య రుతుపవనాల వానకి మడిలో నిలిచే నీళ్లు, దాంతో వచ్చే నారుకుళ్లు. అందుకే నారు పోసే తేదీ, నాటే తేదీ విడివిడిగా ఉంచాను. ఈ రెండిటి మధ్య టమాటా నారుకి 25–30 రోజులు, మిరపకి 40 దాకా పెట్టుకోండి.