ఒకే డేటాకి రెండు జవాబులు: ఫ్రీ సాఫ్ట్‌వేర్‌ని నమ్మొచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఒకే కాలమ్‌కి స్టాండర్డ్ డీవియేషన్ (విలువలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే లెక్క) పైథాన్‌లో వాడే నమ్‌పై లైబ్రరీలో ఒకటి వస్తోంది, పాండాస్ లైబ్రరీలో ఇంకోటి. తేడా చిన్నదే గానీ థీసిస్‌లో ఏది వేయాలో తెలీక టెన్షన్‌గా ఉంది. ఊరికే వచ్చే సాఫ్ట్‌వేర్ ఇంతే, డబ్బు పెట్టి కొన్నది వాడు అంటున్నారు మా గైడ్ గారు. నిజమేనా?

జవాబు: రెండూ కరెక్టేనండీ. నమ్‌పై మామూలుగా n తో (అంటే ఎన్ని విలువలున్నాయో ఆ సంఖ్యతో) భాగిస్తుంది, పాండాస్ n-1 తో. 2, 4, 4, 4, 5, 5, 7, 9 ఇచ్చి చూడండి, మొదటిదాంట్లో 2 వస్తుంది, రెండోదాంట్లో 2.14 దాకా వస్తుంది. మీది శాంపిల్ డేటా (మొత్తంలోంచి తీసుకున్న కొంత భాగం) అయితే నమ్‌పైలో డీడీఓఎఫ్ (ddof, అంటే n లోంచి ఎంత తీసేసి భాగించాలో చెప్పే సెట్టింగ్) విలువ 1 అని ఇవ్వండి, రెండూ కలుస్తాయి. ఇది డాక్యుమెంటేషన్‌లో స్పష్టంగానే ఉంది, కాకపోతే మనం ఉదాహరణ కాపీ చేసుకుని, కింద ఉన్న నోట్స్ చదవకుండా వచ్చేస్తాం. కొన్న సాఫ్ట్‌వేర్ అయినా ఈ గొడవ తప్పదు, ఎక్సెల్‌లో కూడా దీనికి రెండు వేర్వేరు ఫంక్షన్లున్నాయి.

ఇంకో జవాబు: అది సరే గానీ, నమ్‌పైని చూపించి అన్నీ అలాగే ఉంటాయంటే కష్టం. ఎవరో రీసెర్చ్ స్కాలర్ తన పని కోసం రాసుకుని, పట్టా చేతికి రాగానే వదిలేసిన ప్యాకేజీలు బోలెడు. రీడ్‌మీలో (ప్యాకేజీతో పాటు వచ్చే పరిచయం ఫైల్‌లో) ఇన్‌స్టాల్ చేయడం ఎలాగో ఉంటుంది, కోణం డిగ్రీల్లో ఇవ్వాలా రేడియన్లలోనా అన్నది మాత్రం ఉండదు, కోడ్ తెరిచి చూసుకోవాల్సిందే. అలాంటి వాటిలో నేను ముందు టెస్టుల ఫోల్డర్ ఉందా లేదా చూస్తాను, ఉంటే ఆ ఫంక్షన్‌ని రాసినవాళ్లే ఎలా వాడారో, ఎంత జవాబు రావాలనుకున్నారో అక్కడే దొరుకుతుంది. టెస్టులూ లేవు, వివరణా లేదు అంటే, చేత్తో లెక్కగట్టగలిగిన చిన్న లెక్క ఇచ్చి సరిచూడందే నా డేటా దాని దగ్గరికి పోనివ్వను. ఉచితమా కాదా అన్నది నాకైతే అసలు విషయమే కాదు.

ప్రశ్న అడిగినవారు: 1 పెట్టాను, కలిశాయి! చాలా థ్యాంక్సండీ. వెర్షన్ నంబర్లు కూడా థీసిస్‌లో రాయాలా?

జవాబు: తప్పకుండా రాయండి. స్టాటిస్టిక్స్‌కి వాడే ఆర్ (R) భాష 3.6.0 వెర్షన్‌లో (2019) యాదృచ్ఛికంగా నంబర్లు ఎంచే శాంపిల్ ఫంక్షన్ లోపలి పద్ధతి మార్చారు, అదే సీడ్ (ఆ ఎంపిక మళ్లీ అలాగే రావడానికి ఇచ్చే మొదలు నంబర్) ఇచ్చినా పాత వెర్షన్‌లో వచ్చిన నంబర్లు రావు. మెథడ్స్ చాప్టర్‌లో ప్యాకేజీ పేరు, వెర్షన్, డీడీఓఎఫ్ ఎంత పెట్టారో ఒక్క లైన్‌లో వేసేయండి, వైవాలో ఎవరైనా అడిగినా ఇబ్బంది ఉండదు.