ఔటర్ చుట్టూ కాలినడకన తిరగొచ్చా?

మియాపూర్ తమ్ముడు:
వేల్స్ దేశం అంచు మొత్తం నడిచి చుట్టిరావచ్చని ఈ మధ్యే తెలిసింది. 2012లో తెరిచిన తీరబాట 1,400 కిలోమీటర్లు. ఇంగ్లండ్ సరిహద్దు వైపు ఆఫాస్ డైక్ అనే పాత మట్టికట్ట పేరు మీద ఇంకో 285 కిలోమీటర్ల బాట ఉంది. రెండూ కలిపితే దేశానికి ప్రదక్షిణే. అప్పటినుంచి మన హైదరాబాద్‌ని కూడా అలా చుట్టాలని మనసు లాగుతోంది. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లే కదా. ఎవరైనా నడిచారా? ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉప్పల్ అన్న:
మంచి ఆలోచన తమ్ముడూ, తప్పకుండా నడువు. కానీ మెయిన్ రోడ్డు ఎక్కకు. అక్కడ పాదచారులకు, టూవీలర్లకు అనుమతి లేదు. నడకంతా సర్వీసు రోడ్డు మీదే. రైలు పట్టాలో, వాగో అడ్డొస్తే కొన్నిచోట్ల అదీ తెగిపోతుంది. అండర్‌పాస్‌లోంచి అవతలికి వెళ్లాలి, లేదంటే ఊళ్లోంచి చుట్టు తిరగాలి. అందుకని 158 దగ్గర ఆగదు, పెరుగుతుంది.

ఏకబిగిన వద్దు. నేను ఆదివారాలు ముక్కలు ముక్కలుగా నడుస్తాను. ఘట్‌కేసర్‌లో మొదలుపెట్టి కీసర మీదుగా శామీర్‌పేట వైపు వెళ్లు. పొద్దున ఎండ వీపు మీద పడుతుంది, కళ్లల్లో కొట్టదు. ఓపిక ఉంటే కీసరగుట్ట ఎక్కి రామలింగేశ్వరుణ్ణి చూసుకుని దిగు.

నన్నడిగితే ఈ చుట్టులో అసలు చూడాల్సింది మూసీని. రెండుసార్లు దాటుతావు. పడమట మంచిరేవుల దగ్గర అది గండిపేట చెరువు దిగువన ఉన్న నది. వానాకాలం గేట్లు ఎత్తితే అక్కడ సర్వీసు రోడ్డు మీదికే నీళ్లొచ్చి దారి మూసేస్తారు, హిమాయత్‌సాగర్ దగ్గరా అంతే. వెళ్లేముందు వార్తలు చూసుకో. 1908 వరద తర్వాత ఊరిని కాపాడ్డానికి కట్టిన చెరువులవి. తూర్పున ప్రతాపసింగారం వైపు వచ్చేసరికి అదే నది నల్లగా, నురగ కక్కుతూ ఉంటుంది. ఆ నీళ్లతోనే గట్ల వెంట బర్రెలకు గడ్డి పెంచుతారు. పొద్దున్నే కోసి, మోపులు కట్టి, ట్రాలీ ఆటోలకెత్తుతుంటారు. వాసనకు తల తిరుగుతుంది. అయినా అక్కడ కాసేపు నిలబడు. మన ఇళ్లలోంచి పోయిందే అదంతా. కారులో వందమీద పోతుంటే బ్రిడ్జి వచ్చిందనీ తెలియదు, నాకు బాధ అక్కడే.

ఈసీఐఎల్ అక్క:
కీసర వైపు మేం నలుగురం ఆడవాళ్లం కలిసి వెళ్తుంటాం. కుక్కల కోసం ఒక కర్ర, మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాల్సిందే. వాష్‌రూమ్‌కి పెట్రోల్ బంకులే దిక్కు, కనిపించినప్పుడే వెళ్లండి. ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడిపక్కన నడవండి, కానీ రాంగ్ రూట్‌లో వెనకనుంచీ వస్తారు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు.

మేడ్చల్ మాస్టారు:
ఘట్‌కేసర్‌కీ, మేడ్చల్‌కీ ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఉంది, శంషాబాద్ వైపు ఉందానగర్ దాకా వెళ్తుంది. ముక్కలు అక్కడక్కడ తెంపుకుంటే తిరుగు ప్రయాణం టెన్షన్ ఉండదు. రైళ్లు తక్కువ, టైములు ముందే చూసుకోండి.

మియాపూర్ తమ్ముడు:
అందరికీ థాంక్స్. అన్నా, ప్రతాపసింగారం ముక్కకి మీరు మళ్లీ వెళ్లేటప్పుడు చెప్పండి, నేనూ వస్తాను.

ఉప్పల్ అన్న:
వచ్చే ఆదివారమే. ఆరింటికల్లా ఘట్‌కేసర్ స్టేషన్ దగ్గరుండు, పాత బూట్లు వేసుకో.