‘బేరైనం గలదే’: పేరు ఉన్నట్టా, పోయినట్టా?

పాతపుస్తకం:
రెండు రోజులుగా పోతన భాగవతంలో ఒక పాదం బుర్ర తొలిచేస్తోంది. వామనుడికి దానం వద్దన్న శుక్రాచార్యుడికి బలి చెప్పే ‘కారే రాజులు’ పద్యంలోది. ‘వారేరీ సిరి మూటగట్టుకొని పోజాలిరే...’ తర్వాత ‘పేరైనం గలదే’ అని వస్తుంది. ఎందుకు గుర్తొచ్చిందంటే, బవేరియా పాత రాజవంశపు పెద్ద ఫ్రాంజ్ గురించి మా సంఘం పత్రికకి రాస్తున్నాను. వీళ్ల విట్టెల్స్‌బాఖ్ వంశం 1180 నుంచి 1918 దాకా బవేరియాని ఏలింది. ఈయన ముత్తాత మూడో లుడ్విగ్‌తో గద్దె పోయింది. 1919 వైమార్ రాజ్యాంగం 109వ అధికరణంతో బిరుదులన్నీ పేర్లలో భాగాలుగా మాత్రమే మిగిలాయి, కొత్తవి ఇవ్వడం బంద్. అంటే ‘బవేరియా డ్యూకు’ అన్నది ఇప్పుడు ఆయన ఇంటిపేరు! అందుకని ‘పేరైనం గలదే’ అని శీర్షిక పెడదామని. ‘పేరైనా ఉంది కదా’ అనేగా అర్థం?

వళిపిచ్చి:
‘పోజాలిరే’ కాదండీ, ‘పోవంజాలిరే’. శార్దూల వృత్తం కదా, పాదం మొదటి అక్షరానికి యతి పదమూడో అక్షరంతో, లెక్కపెట్టుకోండి: వా–వం. మీరు ఒక అక్షరం మింగేశారు. ఇక అర్థమంటారా, మీరు చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. ‘పేరైనా ఉందా? లేదు’ అని బలి అడుగుతున్నాడు.

అరసున్న:
ఒకే పద్యంలో ఒకే ఏకారం రెండు పనులు చేస్తోంది చూడండి. ‘కారే’ అంటే కాలేదా, అయ్యారు. ‘జాలిరే’ అంటే పోగలిగారా, పోలేదు. వ్యతిరేక క్రియ మీద పడితే ఔనని, మామూలు క్రియ మీద పడితే కాదని. ‘గలదే’ రెండో జట్టు. ‘ఈరే’ మళ్లీ మొదటి జట్టు, ఇయ్యరా, ఇచ్చారు.

ఎదురుగాలి:
అవధారణ ఏకారం, అంటే నొక్కి చెప్పేది, ఎందుకు కాకూడదు? ‘కలదే’ అంటే ఉన్నదే, ఉండనే ఉంది అని. వెంటనే శిబి వస్తున్నాడు, ఆయన పేరు నిలిచింది కదా.

అరసున్న:
నిలిచింది కాబట్టే కదా స్వామీ తేడా! మూట కట్టినవాళ్లకి పేరు లేదు, ఇచ్చిన శిబికి ఉంది. మీ అవధారణ పెడితే బలి వాదమే కూలిపోతుంది, శుక్రాచార్యుడు చంకలు కొట్టుకుంటాడు.

వళిపిచ్చి:
అసలు తగువు ‘భూమిపై’ దగ్గర. రెండో పాదం చివర వేలాడుతోంది. పాడేవాళ్లు అక్కడ ఆపుతారు గనక ‘పోవంజాలిరే భూమిపై’ అని చెవిలో స్థిరపడిపోయింది. భూమి మీద మూట కట్టుకు పోవడమేమిటి! అది ‘పేరు’ది. భూమిపైఁ బేరైనం గలదే.

ఎదురుగాలి:
‘పేరు’ కాస్తా ‘బేరు’ అయింది కాబట్టి ‘భూమిపై’ తర్వాతి మాటకే చెందుతుందంటారా? ద్రుతం, అంటే ‘పైన్’ చివరి నకారం, తన పని తాను చేసుకుపోతుంది, అన్వయంతో దానికేం పని?

వళిపిచ్చి:
నేను ‘బే’ మాట ఎత్తానా? అన్వయంతోనే చెప్పాను.

పల్లకి:
చిన్నప్పుడు నేను ‘బేరం’ అనుకునేదాన్ని. రాజులు పోయేముందు కూడా బేరమాడారు కాబోలని. మా మాస్టారు బెత్తం పట్టుకుని చదివించారు కానీ అర్థం చెప్పలేదు. ‘ఇమ్మనుజేశ్వరాధములకు’ కూడా అంతే, బట్టీ. రాజుల మీద పోతనకి ఎంత వెటకారమో నలభై ఏళ్లు దాటాక గానీ తెలియలేదు.

మ్యూనిక్ కోడలు:
పాతపుస్తకంగారూ, ఇక్కడుంటున్నాను కాబట్టి ఒక మాట. జర్మన్‌లో కిటుకంతా ‘హెర్జోగ్’ (డ్యూకు) అన్న మాట ఎక్కడ కూర్చుందన్నదే. ‘హెర్జోగ్ ఫ్రాంజ్’ అంటే మర్యాద, పాత అలవాటు. ‘ఫ్రాంజ్ హెర్జోగ్ ఫాన్ బయర్న్’ అంటే చట్టం, ఇంటిపేరు. తెలుగులో ‘బవేరియా డ్యూకు ఫ్రాంజ్’ అనేస్తే ఆ తేడా హుళక్కి. మా ఆఫీసులో ఒకావిడ ఇంటిపేరు ‘గ్రేఫిన్’తో మొదలవుతుంది, ఆవిడ తమ్ముడిది ‘గ్రాఫ్’తో; కౌంటెస్, కౌంట్ అన్న పాత బిరుదులవి. ఒకే తల్లి పిల్లలు, ఇంటిపేరుకి లింగభేదం! ఫారంలో గడి చాలక ఆవిడ రెండో వరసలోకి దిగి రాస్తుంది.

అరసున్న:
భలే. మహద్వాచకం, మహతీవాచకం ఇంటిపేర్లలో! కానీ అక్కా, ‘హెర్జోగ్’ ఏమిటి? అక్కడ ‘జ’ పలకదు కదా.

మ్యూనిక్ కోడలు:
పలకదు తమ్ముడూ, ‘ట్స’. హెర్ట్సోగ్, ఫ్రాంట్స్.

అరసున్న:
మనకి దంత్య చకారం ఉండగా ఆ ట్‌కి స్ అతికించే అవస్థ ఎందుకు? ‘హెర్‌ౘోగ్’. చాప, చలిలో పలికే ౘ అదేగా. ఉన్న అక్షరాన్ని అటకెక్కించి అరువు తెచ్చుకుంటున్నాం.

ఎదురుగాలి:
పరాయి మాటలకి అచ్చులో ౘ ఎవరు వేస్తారు! ‘హెర్’ అంటే సేన, ‘జోగ్’ నడిపించడం. సేనాని అనండి, గొడవ వదిలిపోతుంది.

వళిపిచ్చి:
ఇంటిపేరుని అనువదిస్తారా? అయితే ‘బమ్మెర’ని కూడా జర్మన్‌లోకి దించండి.

పల్లకి:
ఇంకో సంగతి. పేరు మిగలడం వరమేనా? హిట్లర్‌కి తలవంచనందుకు వీళ్ల కుటుంబం హంగరీకి వెళ్లింది. 1944 అక్టోబరులో అక్కడే పట్టుకున్నారు. ఫ్రాంజ్‌కి పదకొండేళ్లు. సాక్సెన్‌హౌజెన్, ఫ్లోసెన్‌బుర్గ్, డాఖౌ నాజీ నిర్బంధ శిబిరాలు తిప్పారు. 1945 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం వచ్చాక విడుదల. ఆ పిల్లాడు మోసిన మూట ఆ పేరే.

పాతపుస్తకం:
నిజమే, అది రాయాలి. చిత్రాల సంగతి కూడా ఉంది. బాజెలిట్స్, బాయ్స్ లాంటి ఆధునిక కళాకారుల పనులు ఫ్రాంజ్ సేకరించి, కొన్ని ఇచ్చి, కొన్ని అరువుగా పెట్టి మ్యూనిక్ మ్యూజియాలకి అప్పగించాడు. శిబి వైపు వాలుతున్నాడు కదా?

ఎదురుగాలి:
శిబి తొడ కోసి ఇచ్చాడండీ. ఇక్కడ 1923లోనే బవేరియా రాష్ట్రంతో వంశానికి ఒప్పందం కుదిరి, వీళ్ల పోషణకి నిధి ఏర్పడింది. నివాసం నిమ్ఫెన్‌బుర్గ్ కోటలో.

అరసున్న:
మీ శీర్షిక కావలసింది వియన్నాకి. ఆస్ట్రియాలో అదే 1919లో బిరుదులతో పాటు ‘ఫాన్’ కూడా ఊడబీకారు. ఆఖరి చక్రవర్తి కొడుకు ఒట్టో అక్కడ ఉత్త హాబ్స్‌బుర్గ్-లోత్రింగెన్. సరిహద్దు దాటి జర్మనీకొస్తే ‘ఫాన్’ మళ్లీ అతుక్కునేది. ‘పేరైనం గలదే’ అని ఆయన కదా అడగాలి.

మ్యూనిక్ కోడలు:
నాకు ఒక్కటి తెగడం లేదు. 1996లో తండ్రి ఆల్‌బ్రెఖ్ట్ పోయే వరకూ ఫ్రాంజ్ ‘ప్రింట్స్’ (ప్రిన్స్) అనే రాసుకునేవారు, ఆ తర్వాత ‘హెర్ట్సోగ్’. ఇంటిపేరే అయితే తండ్రి చనిపోతే మారుతుందా?

పాతపుస్తకం:
బాగా దొరికిపోయాను. ‘పేరుకే డ్యూకు’ అని పెట్టేస్తాను.

వళిపిచ్చి:
‘పేరుకే’లో ఏకారం ఏ జట్టండీ?